అవుటు పేలితే లేచే ఊరు

నాన్ కన్నుమూసిందని ఆవిడ కూతురు రాసిన ఉత్తరం పోయిన నెలలో వచ్చింది. తొంభై ఏళ్లు దాటిన మనిషి కనుక ఆ వార్తలో ఆశ్చర్యమేమీ లేదు. అయినా ఉత్తరం చివర ఉన్న ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పూలు ఎవరూ తేవద్దనీ, పూలకు పెట్టే డబ్బేదో, సముద్రంలో ఆపదలో పడ్డవాళ్లను కాపాడే లైఫ్‌బోట్ కోసం పెట్టిన చందా పెట్టెలో వేయమనీ ఆవిడ ఎన్నో ఏళ్ల క్రితమే కాగితం మీద రాసి సొరుగులో పెట్టిందట. ఇంగ్లండు ఈశాన్య తీరాన, యార్క్‌షైర్‌లోని విట్బీ అనే చిన్న రేవుపట్నంలో మేము కాపురమున్నంత కాలమూ ఆవిడ మా పక్కింటి మనిషి. ఆవిడ మనవలను చూసి మా పిల్లలు ఆవిడను "నాన్", అంటే అమ్మమ్మ, అని పిలవడం నేర్చుకున్నారు, పిల్లలను చూసి మాకూ అదే అలవాటైంది.

డెబ్బైల నడుమ మా వారికి ఆ ఊళ్లో డాక్టరు ఉద్యోగం వచ్చింది. నేను బందరు దగ్గరి పల్లెలో పుట్టి పెరిగినదాన్ని కనుక సముద్రం నాకు కొత్త కాదు. అయితే మా సముద్రం దగ్గర మడ అడవులూ బురదా ఉండేవి, నీళ్లలోకి ఎంత దూరం నడిచినా మోకాళ్లు దాటేవి కావు. అక్కడ మాత్రం నిట్టనిలువు కొండచరియలు, వాటి కింద పలకల్లా పరుచుకున్న నల్లరాళ్లు, ఏడాదిలో సగం రోజులు బూడిద రంగులో కనిపించే నీళ్లు. ఎస్క్ నది ఊరిని రెండుగా చీల్చి సముద్రంలో కలుస్తుంది. తూర్పు ఒడ్డున, 199 మెట్లెక్కితే, సెయింట్ మేరీ చర్చి, దాని వెనక పాతకాలపు మఠం శిథిలాలు. రెండు ఒడ్డులనూ కలిపేది 1908లో కట్టిన తిరుగుడు వంతెన. ఓడ వచ్చినప్పుడు అది పక్కకు తిరిగి దారి ఇచ్చేది, మనం కూరగాయల సంచీ పట్టుకుని గట్టున నిలబడవలసి వచ్చేది. ఎటు వెళ్లినా హెర్రింగ్ చేపలకు ఓక్ పొట్టుతో పొగ పెట్టే వాసన వచ్చేది. శాకాహారుల ఇంట్లో పెరిగిన మా వారు ఆ వాసనకు అలవాటు పడడానికి మొదటి చలికాలమంతా పట్టింది.

* * *

మొదటి చలికాలంలోనే ఒక రాత్రి మూడు గంటల వేళ ఇంటి అద్దాలన్నీ అదిరేలా ఆకాశంలో పేలుడు వినిపించింది. ఊపిరి తీసుకునేలోగా ఇంకొకటి. మా ఊరి తిరునాళ్లలో పేల్చే అవుటు శబ్దం అచ్చం అలాగే ఉండేది కనుక, నిద్రమత్తులో ఒక్క క్షణం బందరులోనే ఉన్నాననుకున్నాను. తర్వాత భయం వేసింది. కిటికీ తెర తొలగించి చూస్తే ఎదురు వరుసలో రెండు మూడు ఇళ్లలో దీపాలు వెలిగాయి, తలుపులు తెరుచుకున్నాయి, రాళ్లు పరిచిన వీధిలో బరువైన బూట్లతో మనుషులు రేవు వైపు పరుగెత్తుతున్న చప్పుడు వినిపించింది. నాన్ భర్త ఒక చేత్తో కోటు తొడుక్కుంటూ మా గుమ్మం ముందు నుంచే పరుగెత్తాడు. అయిదు నిమిషాల్లో వీధి మళ్లీ మామూలుగా అయిపోయింది, నాన్ వంటింట్లో దీపం మాత్రం ఆరలేదు.

వాటిని మారూన్లు అంటారని, లైఫ్‌బోట్ సిబ్బందిని పిలవడానికి వాటిని పేలుస్తారని మర్నాడు తెలిసింది. అప్పటికి అన్ని ఇళ్లకూ టెలిఫోన్లు లేవు. ఉన్నా, పబ్బులో కూర్చున్నవాడికీ, రేవులో వల బాగుచేసుకుంటున్నవాడికీ ఫోను వినపడదు. మారూన్ శబ్దం మాత్రం ఊరంతటికీ ఒకేసారి చేరుతుంది. పేలుడు వినగానే మా వీధిలో చర్చి ప్రార్థన ఆగినా, పెళ్లి విందు ఆగినా ఎవరూ తప్పు పట్టేవారు కారు. నాన్ ఇంట్లో గుమ్మం పక్కన రబ్బరు బూట్లు, వాటి మీదికి మడిచి దింపిన ప్యాంటుతో సహా నిలబెట్టి ఉండేవి. మంచం దిగినవాడు రెండు కాళ్లూ అందులో పెట్టి ప్యాంటు పైకి లాక్కుంటే చాలు. పిల్లలెవరైనా ఆ బూట్లను పక్కకు జరిపితే, మామూలుగా గొంతు పెంచని నాన్ కేకలేసేది.

ఆ పరుగెత్తినవాళ్లు ఎవరో తెలిసిన తర్వాత నాకు ఆశ్చర్యం ఇంకా పెరిగింది. చేపల వేటకు వెళ్లేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు, నిజమే. కానీ మా ఇంటి పైకప్పు పెంకులు సర్దిన తాపీమేస్త్రీ ఉన్నాడు, రొట్టెల దుకాణంలో పనిచేసే కుర్రాడు ఉన్నాడు. పడవ ఇంజను చూసుకునే మెకానిక్కు ఒక్కడికే జీతం. మిగిలినవాళ్లకు పడవ బయలుదేరిన ప్రతిసారీ చేతిఖర్చు లాంటి చిన్న మొత్తం ఏదో ముట్టేది కానీ, దాని కోసం అర్ధరాత్రి లేచి ఆ చలిలో వెళ్లేవాడు ఎవడూ ఉండడు. ప్రభుత్వ ఉద్యోగులేమో అనుకుని మొదట్లో అందరినీ అడిగాను. కాదని నాన్ భర్త చెప్పాడు. 1824లో సర్ విలియం హిలరీ అనే ఆయన చొరవతో పుట్టిన సంస్థ అది, తర్వాత రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ అని పేరు మారింది, జనం ఇచ్చే చందాలతోనే నడుస్తుంది. విట్బీకి ఆ సంస్థ కంటే ముందే, 1802లోనే, సౌత్ షీల్డ్స్‌కు చెందిన హెన్రీ గ్రేట్‌హెడ్ కట్టిన పడవ ఉండేదట. ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆ ఊరివాళ్లందరి గొంతులోనూ కొంచెం గర్వం వినిపించేది.

* * *

నాన్ భర్త మాట తక్కువ మనిషి. ఆయన నోరు విప్పి మాట్లాడడం నేను చూసింది రేవు పడమటి ఒడ్డున, పియర్ రోడ్డులో ఉన్న లైఫ్‌బోట్ మ్యూజియంలోనే. అక్కడ రాబర్ట్ అండ్ ఎలెన్ రాబ్సన్ అనే తెడ్ల పడవ ఉంది. ఆ సంస్థ మొత్తంలో తెడ్లతో నడిచిన చివరి లైఫ్‌బోట్ అదే. 1957 దాకా విట్బీలో పనిచేసింది. అప్పటికి ఊళ్లో మోటారు పడవ వచ్చి చాలా ఏళ్లయినా, రాళ్ల మధ్యకూ, తక్కువ నీళ్లలోకీ వెళ్లడానికి తెడ్ల పడవే పనికివచ్చేదని ఆయన చెప్పాడు. ఆయన కుర్రతనంలో ఆ పడవలో తెడ్డు వేశాడు. తాను కూర్చున్న బల్ల ఏదో మాకు చూపించి, తెడ్డు పిడి మీద అరచెయ్యి ఆనించి, "ఇది లాగుతూ కూర్చున్నవాడికి ఎదురుగా వచ్చే అల కనపడదు, వీపు అటు ఉంటుంది. సరంగు ఒక్కడికే కనపడుతుంది. అందుకని మేమందరం అల వైపు కాదు, ఆయన ముఖం వైపు చూసేవాళ్లం" అన్నాడు. ఆ మాట విన్న తర్వాత పడవ వెనక భాగంలో సరంగు నిలబడే చోటును నేను మళ్లీ వెళ్లి చూశాను.

ఆ మ్యూజియంలోనే హెన్రీ ఫ్రీమన్ ఫోటో ఉంది. గుబురు గడ్డం, ఛాతీ మీద బెండు ముక్కలు వరుసగా కుట్టిన కోటు. 1861 ఫిబ్రవరి 9న ఆ తీరమంతా పెద్ద తుఫాను. విట్బీ పడవ పొద్దుటి నుంచి అయిదుసార్లు వెళ్లి అయిదు ఓడలవాళ్లను ఒడ్డుకు చేర్చింది. సిబ్బందికి చేతులు లేవని స్థితి. అయినా ఆరోసారి వెళ్లారు. గట్టుకు కూతవేటు దూరంలో, ఊరంతా చూస్తూ ఉండగా, రెండు అలలు ఒకదానికొకటి ఎదురై పడవను తిరగేశాయి. పదముగ్గురిలో పన్నెండుమంది అక్కడే మునిగిపోయారు. బతికిన ఒక్కడు ఫ్రీమన్. ఇటుకలు చేసే పనివాడు, లైఫ్‌బోట్‌లోకి ఎక్కింది ఆ రోజే మొదటిసారి. ఆ సంస్థ తనిఖీ అధికారి కెప్టెన్ వార్డ్ కొత్తగా తయారుచేయించిన బెండు కోటు ఒకటి ఆ ఊరికి వచ్చి ఉంటే దాన్ని ఇతడే తొడుక్కున్నాడు. తక్కినవాళ్లు పాత రకం పట్టీలతో వెళ్లారు. ఫ్రీమన్ ఆ తర్వాత సరంగై ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి మూడువందల మందికి పైగా మనుషులను కాపాడడంలో చెయ్యి వేశాడు.

ఈ కథను గైడులు ఫ్రీమన్ వీరగాథగా చెబుతారు. నాన్ మాత్రం ఎప్పుడూ ఆ పన్నెండుమంది ఇళ్ల గురించే మాట్లాడేది. ఒక్క మధ్యాహ్నంలో, రెండు మూడు వీధుల్లో, అన్ని ఇళ్లు. ఆ వీధుల్లో కొన్ని ఇంకా ఉన్నాయి. సందులు ఎంత ఇరుకంటే ఒక ఇంట్లో ఏడిస్తే ఎదురింట్లో వినిపిస్తుంది. నాకూ ఆవిడ లెక్కే సరైనదనిపిస్తుంది.

* * *

ఆవిడ తండ్రి కుర్చీలోంచి లేవలేని స్థితిలో వాళ్లింట్లోనే ఉండేవాడు. 1914లో ఆయనకు పదేళ్లు. రోహిల్లా అనే ఓడ మాట ఎత్తితే చాలు, చెవుడు ఉన్న ఆ ముసలాయన చటుక్కున మా వైపు తిరిగేవాడు. ఆ ఓడ పేరు నాకు వింతగా తోచింది. అది బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ. మన దేశానికి సైనికులను చేరవేసిన ఓడ. యుద్ధం మొదలయ్యాక దాన్ని ఆసుపత్రి ఓడగా మార్చారు. గాయపడ్డ సైనికుల కోసం డంకర్క్ వెళ్తూ, యుద్ధం వల్ల తీరంలో దీపస్తంభాలన్నీ ఆర్పేసి ఉండడంతో, అక్టోబరు 30 తెల్లవారుజామున నాలుగు గంటల వేళ విట్బీకి దక్షిణాన సాల్ట్‌విక్ దగ్గర రాళ్ల మీదికి ఎక్కేసింది. ఓడలో 229 మంది. ఒడ్డు నుంచి కేకవేస్తే వినపడేంత దూరం, కానీ మధ్యలో నీళ్లు ఉడుకుతున్నాయి.

రేవు ముఖద్వారం గుండా తెడ్ల పడవ బయటికి వెళ్లే వీలు లేకపోయింది. విట్బీ రేవు ఉత్తరానికి తెరుచుకుని ఉంటుంది, ఆ వైపు గాలి వీస్తే రెండు గట్ల మధ్య అలలు విరిగి పడతాయి. అందుకని జాన్ ఫీల్డెన్ అనే పడవను మనుషులే ఎత్తి, ఎనిమిదడుగుల గోడ దాటించి, కొండ కింద రాళ్ల మీదుగా ఓడకు ఎదురుగా ఈడ్చుకుపోయారు. ఈడ్చడంలోనే పడవ అడుగుకు చిల్లులు పడ్డాయి. అయినా రెండుసార్లు వెళ్లి, ఓడలోని ఆడవాళ్లతో సహా 35 మందిని తీసుకువచ్చి, ఇక ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఆ ఆడవాళ్లలో ఒకావిడ రెండేళ్ల క్రితం టైటానిక్ నుంచి బతికి బయటపడ్డ మేరీ రాబర్ట్స్. పక్క ఊరి పడవను కొండ మీది నుంచి తాళ్లతో దింపారు, అదీ చేరలేకపోయింది. ఓడ ముక్కలవుతూ ఉంటే కొందరు ఈదడానికి దూకారు. ఊరి జనం నడుములోతు నీళ్లలో దిగి అందినవాళ్లను అందినట్టు లాగారు.

"మా అమ్మ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తీసుకుపోయింది. ఆ రాత్రి మేము కోట్లు కప్పుకుని పడుకున్నాం" అని ఆ ముసలాయన ప్రతిసారీ చెప్పేవాడు. ఓడ గురించి ఆయన చెప్పినవి పుస్తకాల్లో దొరుకుతాయి, దుప్పట్ల సంగతి దొరకదు. మూడో రోజు, ఆదివారం పొద్దున్నే, నలభై మైళ్లకు పైగా దూరంలోని టైన్‌మౌత్ నుంచి హెన్రీ వెర్నన్ అనే మోటారు లైఫ్‌బోట్ దీపాలు లేని తీరం వెంట రాత్రి చీకట్లో ప్రయాణం చేసి వచ్చింది. అలల మీద నూనె పోసి వాటిని కాస్త అణచి, ఓడ పక్కకు చేరి, మిగిలిన 50 మందిని దింపుకుంది. చివరగా దిగిన కెప్టెన్ చేతిలో ఓడ పిల్లి ఉందట. పోయినవాళ్లు ఎనభైమందికి పైగానే. విట్బీ సరంగు థామస్ లాంగ్లండ్స్‌కు బంగారు పతకం ఇచ్చారు. మోటారు పడవ అంటే మూతి విరిచే పాతకాలపు పడవవాళ్లు ఆ ఆదివారం తర్వాత మాట్లాడలేదని ముసలాయన నవ్వేవాడు.

ఆయనకు ఇంకొక కథ ఇష్టం, అది ఆయన పుట్టకముందుది. 1881 జనవరిలో విట్బీకి ఆరు మైళ్ల దూరంలోని రాబిన్ హుడ్స్ బే దగ్గర విజిటర్ అనే ఓడ మునిగింది. సముద్రం మీద వెళ్లే దారి లేక విట్బీవాళ్లు లైఫ్‌బోట్‌ను బండి మీద ఎక్కించి రోడ్డు మీద తీసుకువెళ్లారు. మనిషెత్తు మంచు పేరుకున్న దారిలో ఇటు నుంచి కొందరు, అటు నుంచి కొందరు తవ్వుకుంటూ రెండువందల మంది, పద్ధెనిమిది గుర్రాలు. మొదటిసారి తెడ్లు విరిగి వెనక్కి వచ్చి, రెండోసారి కొత్త మనుషులతో వెళ్లి ఆరుగురినీ తెచ్చారు. ఒకసారి ఆ దారిన మేము కారులో వెళ్తుంటే చివర్లో కొండ దిగుడు చూసి నాకు గుండె ఝల్లుమంది; ఎండ కాసే రోజున, తారురోడ్డు మీద.

* * *

నాన్ గురించి చెబుతూ ఆవిడ సూదుల గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. చేపలవాళ్లు తొడుక్కునే ముదురు నీలం ఊలు చొక్కాలు, వాటిని గాన్సీలంటారు, ఆవిడ అయిదు ఉక్కు సూదులతో అల్లేది. అల్లిక ఎంత బిగువుగా ఉండాలంటే వాన చినుకు లోపలికి దిగకూడదు. మోచేతులకు కింది భాగం త్వరగా అరుగుతుంది కనుక, అక్కడికక్కడ విప్పి మళ్లీ అల్లుకోవడానికి వీలుగా చేతులను భుజం నుంచి కిందికి అల్లుకొచ్చేది. ఊరికొక నమూనా ఉంటుందనీ, మునిగిపోయినవాడి శవాన్ని ఆ నమూనా చూసి ఏ ఊరివాడో గుర్తుపడతారనీ దుకాణాలవాళ్లు చెప్పేవారు. "అది టూరిస్టుల కోసం కట్టిన కథ. నమూనా బాగుందనిపిస్తే ఎవరి ఊరిదైనా అల్లేస్తాం" అని ఆవిడ కొట్టిపారేసేది.

పడవ బయటికి వెళ్లిన రాత్రి మాత్రం ఆవిడ నమూనా ఉన్న భాగం అల్లేది కాదు, లెక్క తప్పుతుందని. చేతుల చివరి పట్టీ లాంటి, లెక్క అక్కర్లేని భాగమే అల్లేది. పొగమంచు పట్టిన రాత్రి అయితే ఊరి బయటి కొండ మీద పొగమంచు హారన్ మోగుతూ ఉండేది. ఊరివాళ్లు దానికి హాస్కర్ ఎద్దు అని పేరు పెట్టారు. నేను కొన్నిసార్లు వెళ్లి ఆవిడ దగ్గర కూర్చునేదాన్ని. మాటలు పెద్దగా ఉండేవి కావు. కెటిల్ పొయ్యి మీద పెట్టడం, చల్లారిపోవడం, మళ్లీ పెట్టడం. తెల్లవారి ఆయన తడి బట్టలతో వస్తే, "పని అయిందా?" అని ఆవిడ, "అయింది" అని ఆయన, అంతే. ఎవరిని కాపాడారో, అసలు కాపాడారో లేదో, వారం తర్వాత పత్రికలో చదివి తెలుసుకోవలసిందే.

1977 నవంబరులో ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. దివిసీమ ఉప్పెన వార్త రేడియోలో మొదట రెండు ముక్కల్లో వచ్చింది. మర్నాడు ఇంకొంచెం, ఆ మర్నాడు ఊళ్ల పేర్లు. మా అమ్మావాళ్ల పల్లె బందరుకు దగ్గర. తంతి తీగలు తెగిపోయాయి, ఉత్తరాల దారి లేదు. క్షేమంగా ఉన్నామన్న కబురు మాకు అందడానికి వారాలు పట్టింది. ఆ రోజుల్లో నాన్ సాయంత్రం కాగానే ఊలు సంచీతో మా ఇంటికి వచ్చి కూర్చునేది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు, పిల్లలకు అన్నం పెట్టేది, అల్లుకునేది, మా వారు ఆసుపత్రి నుంచి వచ్చాక లేచి వెళ్లేది. ఆవిడ భర్త మాత్రం ఒకరోజు గుమ్మంలోనే నిలబడి, "అక్కడ పడవలు లేవా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. పడవలనే ఊళ్లలోకి విసిరేసే నీళ్లవి అని, తాటిచెట్లు పట్టుకున్నవాళ్లు బతికారట అని రేడియోలో విన్నంత చెప్పాను. ఆయన తల ఊపి, కాసేపు ఆగి, "ముందు కబురు వెళ్లి ఉండాల్సింది" అన్నాడు. ఆ ఉప్పెనలో కనీసం 10,000 మంది పోయారని తర్వాత లెక్క తేల్చారు. మన తీర రక్షక దళం చట్టరీత్యా ఏర్పడింది ఆ మరుసటి ఏడాది. గిల్డు ఆడవాళ్లు లైఫ్‌బోట్ పెట్టెలో పడ్డ డబ్బును వేరే పనికి వాడకూడదు కనుక, దాని పక్కనే ఒక బిస్కెట్ డబ్బా పెట్టి, మా తీరం కోసం విడిగా చందా పోగుచేశారు.

* * *

గిల్డు అంటే లైఫ్‌బోట్‌కు డబ్బు పోగుచేసే ఆడవాళ్ల సంఘం. ఆ డబ్బా పెట్టిన తర్వాత నేను వాళ్లలో చేరకుండా ఎలా ఉంటాను? వేసవిలో లైఫ్‌బోట్ రోజున రేవు గట్టున బల్లలు వేసి టీ, స్కోన్లు, జామ్ సీసాలు అమ్మేవాళ్లం. మెడలో తాడుతో వేలాడదీసుకున్న పడవ ఆకారపు డబ్బా, గుండుసూదితో గుచ్చే కాగితపు జెండాలు. వీధుల్లో డబ్బాలు పట్టుకుని ఇలా చందాలడగడం మొదలైందే లైఫ్‌బోట్‌లతోనట. 1886 డిసెంబరులో మెక్సికో అనే ఓడను కాపాడబోయి లాంకషైర్ తీరంలో రెండు లైఫ్‌బోట్‌లకు చెందిన 27 మంది పోయారు. వాళ్ల కుటుంబాల పరిస్థితి చూసి చార్లెస్ మకారా అనే ఆయన 1891లో మాంచెస్టర్‌లో లైఫ్‌బోట్ శనివారం జరిపించాడు. నేను చీర కట్టుకుని డబ్బా పట్టుకుంటే చూడడానికి ఆగినవాళ్లు ఎలాగూ నాణెం వేయకుండా వెళ్లలేకపోయేవారు, ఆ సంగతి కనిపెట్టి నాన్ నన్ను సరిగ్గా బస్సులు ఆగేచోట నిలబెట్టేది. మరుసటి ఏడాది ఉల్లిపాయ పకోడీలు వేసి పెట్టాను. స్కోన్ల కంటే ముందు అవే అయిపోయాయి. స్కోన్లు చేసిన ఆవిడ మాత్రం చాలాకాలం నాతో ముభావంగా ఉంది.

1981 డిసెంబరు 19 రాత్రి ఇంగ్లండుకు అటు చివరన, కార్న్‌వాల్‌లోని మౌస్‌హోల్ ఊరి లైఫ్‌బోట్ సోలమన్ బ్రౌన్ ఎనిమిదిమంది సిబ్బందితో సహా పోయింది. యూనియన్ స్టార్ అనే ఓడలోని ఎనిమిదిమంది కోసం వెళ్లింది; కొందరిని ఎక్కించుకున్నామని రేడియోలో చెప్పింది కూడా; ఆ తర్వాత మాట లేదు. రెండు పడవల్లోనూ ఒక్కరూ మిగల్లేదు. బయలుదేరే ముందు సరంగు ట్రెవెల్యన్ రిచర్డ్స్ ఒక కుర్రవాడిని, అతని తండ్రి అప్పటికే పడవలో ఉన్నాడు కనుక, ఒక ఇంటి నుంచి ఇద్దరు వద్దని వెనక్కి పంపాడట. విట్బీలో క్రిస్మస్ దుకాణాలు తెరిచే ఉన్నాయి, జనం కొనుక్కుంటూనే ఉన్నారు, కానీ ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నాన్ కొడుకు ఆ ఏడాదే సిబ్బందిలో చేరాడు. ఆవిడ భర్త ఇంకా వెళ్తూనే ఉన్నాడు. ఆ వారం వాళ్లింట్లో ఏ మాటలు జరిగాయో నాకు తెలియదు. ఆ తర్వాత ఎప్పుడు అవుటు పేలినా వాళ్ల గుమ్మం నుంచి ఒక్కడే పరుగెత్తేవాడు. రెండోవాడు బూట్లు తొడుక్కుని గేటు దగ్గర నిలబడేవాడు. కొత్త సంవత్సరం రాగానే వయసు మీరిందని ఆయన పేరు తీసేయించుకున్నాడు. మౌస్‌హోల్‌లో అయితే మర్నాటికల్లా కొత్త సిబ్బందికి సరిపడా మనుషులు ముందుకు వచ్చారు.

* * *

మేము ఆ ఊరు వదిలి దక్షిణాదికి మారాక, చాలా ఏళ్లకు, పిల్లలతో ఒకసారి వెళ్లాం. మారూన్లు పోయి పేజర్లు వచ్చాయి. ఊరు లేచే శబ్దం ఇప్పుడు ఒక్కొక్కరి నడుము దగ్గర విడివిడిగా కూస్తుంది, పక్కింటివాళ్లకు తెలియదు. నాకది నచ్చలేదు. నాన్‌కు మాత్రం నచ్చింది: "కనీసం పసిపిల్లలున్న ఇళ్లు నిద్రపోతాయి" అంది. జార్జ్ అండ్ మేరీ వెబ్ అనే పడవ అప్పటికి రేవులో ఉంది; 1996లో వచ్చిన ఆ పడవ 2023లో సెలవు తీసుకుంది, దాని స్థానంలో నీటిని వెనక్కి చిమ్ముతూ సాగే షానన్ తరహా లోయిస్ ఐవన్ వచ్చింది. సిబ్బందిలో ఆడపిల్లలూ ఉన్నారు. ఆ సంస్థ మొదటి మహిళను సిబ్బందిలోకి తీసుకున్నది 1969లోనే అయినా, మా కాలంలో విట్బీలో పరుగెత్తినవాళ్లలో ఒక్క ఆడమనిషిని నేను చూడలేదు.

రేవు గట్టున చిన్న టీ దుకాణంలో వరుసలో నిలబడి ఉండగా, టీ పోస్తున్న అమ్మాయి నడుము దగ్గర పేజర్ కూసింది. ఆ పిల్ల కెటిల్ అక్కడే దించి, కట్టుకున్న ఆప్రాన్ బల్ల మీద పడేసి, "క్షమించండి" అని మాతో అని, తలుపు తోసుకుని పరుగెత్తింది. యజమాని ఎవరూ లేరు. మేము ముఖముఖాలు చూసుకుంటుంటే, మా వెనక నిలబడ్డ నాన్, అప్పటికి ఆవిడకు ఎనభై దాటాయి, బల్ల చుట్టూ తిరిగి లోపలికి వెళ్లి, ఆప్రాన్ తీసి కట్టుకుని, "ఎవరికి పాలు కావాలి, ఎవరికి వద్దు?" అని వరుసగా అడుగుతూ టీలు పోయడం మొదలుపెట్టింది. డబ్బులు గల్లాపెట్టెలో లెక్కగా వేసింది. చిల్లర తిరిగి తీసుకోబోయిన ఒకాయన ముందుకు మాత్రం లైఫ్‌బోట్ పెట్టెను జరిపింది.